కుప్పంలో హెలికాప్టర్ దిగిన రోజు

పోయిన నెలలో ఒక ఆదివారం పొద్దున యాళిని మా ఇంటికి వచ్చింది. వస్తానని ముందు చెప్పలేదు. మదనపల్లె బస్టాండులో బెంగళూరు బస్సు దిగి, ఎవరినీ దారి అడగకుండానే మా వీధికి వచ్చి, చెప్పులు గడప బయట విడిచి, తిన్నగా వంటింట్లోకి నడిచి నా పక్కన నిలబడింది. నేను చారుకు టమాటాలు పిసుకుతున్నాను. నా మొహం చూసి నవ్వబోయి, నవ్వలేక, “అమ్మమ్మ పోయింది రెడ్డెమ్మా. ఫోన్లో సెప్పబుద్ధి కాలేదు” అన్నది. నిద్రలోనే పోయిందట. తొంభైకి దగ్గర పడిన మనిషి, ముందురోజు సాయంత్రం కూడా తన వక్కాకు తానే నూరుకుందట. ఏడవాల్సిందంతా ఏడ్చేసి వచ్చినట్టుంది యాళిని, కళ్లు పొడిగా ఉన్నాయి. నేనే చేతులు కడుక్కోవడం మరిచిపోయి ఆ టమాటా చేతులతోనే ఆమెను పట్టుకున్నాను. ఆ రోజంతా ఇద్దరం వంటింటి గచ్చు మీదే కూర్చున్నాం. చారు ఎప్పుడు మరిగిందో, ఎప్పుడు చల్లారిందో తెలియదు. మేం మాట్లాడుకున్నది మీకు చెప్పాలంటే నేను కుప్పంలోని మా ఇంటి నుంచి మొదలుపెట్టాలి.

మా ఇల్లు కుప్పం ఊరి చివర, గ్రానైటు క్వారీలకు పోయే దారిలో ఉండేది. ఇంటి ముందు మల్బరీ తోట, ఇంటి పక్కన పట్టుపురుగుల షెడ్డు. నాయన పురుగులు మేపేవాడు. పురుగులు మేపే ఇంట్లో పెత్తనమంతా పురుగులదే. అవి తట్టల మీద ఉన్నన్నాళ్లూ ఇంట్లో తిరగమాత పెట్టకూడదు, ఊదువత్తి వెలిగించకూడదు, తలకు సువాసన నూనె రాయకూడదు, కొత్తవాళ్లు కాళ్లు కడగకుండా షెడ్డు దగ్గరికి పోకూడదు. పొర విడిచే ముందు పురుగులు మేత మాని తల పైకెత్తి నిద్రపోతాయి. దాన్ని మావాళ్లు జ్వరం అంటారు. జ్వరం విడిచి లేచాక వాటి ఆకలి చూడాలి. ఆకు వేసీ వేయగానే షెడ్డంతా బోదగడ్డి కప్పిన కొట్టం మీద సన్నటి వాన పడుతున్న చప్పుడు. ఎండాకాలంలో కూడా మా ఇంట్లో వాన కురుస్తున్నట్టుండేది. పచ్చి ఆకు వాసన, తడి గోనెసంచుల వాసన, నేల మీద చల్లిన సున్నం వాసన, ఈ మూడూ కలిసినదే నా చిన్నతనం వాసన. ఇప్పటికీ మదనపల్లె పట్టుగూళ్ల మార్కెట్టు ముందు నుంచి పోతే నా కాళ్లు కాస్త నెమ్మదిస్తాయి.

ఈ కట్టుబాట్లన్నిటికీ కాపలా మా అవ్వ, నాయనను కన్నతల్లి. తాత పోయాక పుంగనూరు నుంచి మా దగ్గరికి వచ్చింది. పుంగనూరులో పుట్టి, పుంగనూరులోనే మెట్టిన మనిషి కనుక ఆమెకు తెలుగు, కాస్త కన్నడం తప్ప ఇంకో మాట రాదు. కుప్పంలో సగం వీధి అరవం మాట్లాడుతుంది. మాలాంటి పిల్లలకు ఆ భాష ఎవరూ నేర్పక్కర్లేదు, ఆటల్లోనే వచ్చేస్తుంది. అవ్వ మాత్రం కూరగాయల బండివాడితో కూడా పుంగనూరు తెలుగే మాట్లాడి, వాడే నేర్చుకునేదాకా వదిలేది కాదు.

నాకు పదేళ్లు దాటిన ఏడు ఆ ముగ్గురూ మా ఇంటికి వచ్చారు. క్వారీ పక్కనున్న రాళ్లు పాలిష్ పట్టే కంపెనీలో శివం అని ఒకాయన పని చేసేవాడు. మెల్లగా, మర్యాదగా మాట్లాడే మనిషి. మా పెరట్లోని గది అద్దెకు కావాలని, తన పెద్దమ్మనూ ఆమె మనవరాలినీ రామేశ్వరం దగ్గరి శిబిరం నుంచి పిలిపించుకుంటానని నాయనను అడిగాడు. అవ్వ అరుగు మీద కూర్చుని ఆరా తీసింది.

“మీదే ఊరప్పా?”

“యాళ్పాణం అమ్మా.”

“అది వేలూరు తట్టునా?”

“లేదమ్మా. సముద్రానికి ఆ పక్క. శ్రీలంక.”

అవ్వ, “అంత దూరం నుంచి ఈడికి ఎందుకొచ్చినారప్పా?” అన్నది.

“యుద్ధం అమ్మా” అన్నాడాయన. అవ్వ లేచి పోయి గది తాళంచెవి తెచ్చి ఆయన చేతిలో పెట్టింది.

అలా యాళినీ, వాళ్ల అమ్మమ్మా వచ్చారు. మా వైపు ఇళ్లలో అమ్మకు అమ్మనైనా నాయనకు అమ్మనైనా అవ్వ అనే అంటాం. అమ్మమ్మ అనే మాట నేను బడి పుస్తకంలోనే చూశాను. మనిషి నోట మొదటిసారి విన్నది సముద్రం దాటి వచ్చిన ఆ అరవ పిల్ల నోట. వాళ్ల ఊళ్లో కూడా అమ్మమ్మ అనే అంటారట. ఆ మాట విని మా ఇంటిల్లిపాదీ ఆమెను అమ్మమ్మ అనే పిలిచాం. సన్నగా, నిటారుగా ఉండేది. నుదుట విభూతి. వాళ్ల అరవం కుప్పం అరవంలా ఉండదు, పాడుతున్నట్టు ఉంటుంది. అవును అనడానికి ‘ఓం’ అంటారు. “కాఫీ తాగుతావా?” అంటే ఓం. “ఎండగా ఉండాదా?” అంటే ఓం. అది మా అవ్వకు తెలియక, “ఎంత భక్తి సూడు ఆయమ్మకు, ఏం అడిగినా దేవుణ్ణే తల్చుకుంటాది” అని వారం రోజులు వీధంతా చెప్పుకొచ్చింది.

అమ్మమ్మకు కొన్ని అలవాట్లుండేవి. పగటిపూట ఆరుబయట నడవదు. గోడ వారనే, చెట్ల నీడనే పట్టుకుని పోతుంది. మా పెరటి తీగ మీద ఆరేసిన బట్టల్లో తెల్లవి మాత్రం, నాయన పంచెలు, మా బడి చొక్కాలు, ఆరీ ఆరకముందే తీసి మడిచి లోపల పెట్టేది. పనిలో సాయం చేస్తున్నదని అమ్మ సంబరపడింది. వంట పొద్దెక్కకముందే ముగించి పొయ్యి మీద నీళ్లు చల్లేసేది. పొగ పైకి లేస్తే గాబరా పడేది. క్వారీలో మధ్యాహ్నం రాళ్లు పేలిస్తే మా కిటికీలు అదిరేవి. దానికి ఆమె కన్ను కూడా ఆర్పేది కాదు. నేల మీద చప్పుళ్లు ఆమెను ఏమీ చేయవు. బెంగళూరు, మదరాసుల మధ్య తిరిగే విమానం ఎక్కడో ఎత్తున, దోమలా, చప్పుడు కూడా వినబడకుండా పోతుంటే మాత్రం చేతిలో పని ఆపి, అది కనుమరుగయ్యేదాకా చూసేది. ఎందుకని మేం అడగలేదు. పెద్దవాళ్లకు అలవాట్లుంటాయి, మా అవ్వకు లేవా అనుకున్నాం.

యాళినిది నా వయసే. ఇద్దరం కలిసి బడికి పోయేవాళ్లం. ఏడాది తిరక్కముందే తెలుగు నాకంటే శుభ్రంగా పలికేది, కుప్పం యాసతో సహా. తమ ఊరు వదిలిన సంగతి దారిలో కథలా చెప్పేది. ఒక్క సాయంత్రంలో ఊరు ఊరంతా లేచి నడిచిందట. వాన. బురద. దారి పొడుగునా జనం, వాళ్ల మధ్య సైకిళ్లు, మంచాల మీద మోసుకుపోతున్న ముసలివాళ్లు. ఎవరో చిలక పంజరం తల మీద పెట్టుకుని నడిచారట. ఆ చిలక దారంతా “ఎవరు, ఎవరు” అని అడుగుతూనే ఉందట. అది చెప్పి యాళిని నవ్వేది. “ఆ జనంలో అమ్మ తప్పిపోయింది. ఏరే దారిలో వస్తాండాది. పడవ దొరకాల గదా” అనేది. నాయన సంగతి నేనడిగితే, తాను పుట్టిన ఏడే జబ్బు చేసి పోయాడని చెప్పింది. బడి నుంచి వస్తూ అప్పుడప్పుడూ మేం రైల్వేస్టేషను మీదుగా వచ్చేవాళ్లం. మదరాసు నుంచి వచ్చే రైలు ఆగితే, దిగే ఆడవాళ్లందరినీ ఒకసారి చూసి, “ఈ దినం రాలేదు” అనేది. బాధగా కాదు, పోస్టు రాలేదన్నట్టు. మేం పిల్లలం. నాకూ అది మామూలే అయిపోయింది.

మేం బడిలో ఉన్నప్పుడు ఇంట్లో ఇద్దరు ముసలివాళ్లూ షెడ్డు ముందు కూర్చుని పురుగులకు ఆకు తరిగేవాళ్లు. పసి పురుగులకు ఆకును సన్నగా, దారాల్లా తరగాలి. మధ్యలో వక్కాకు. సెలవుల్లో నేను చూసేదాన్ని. అమ్మమ్మ గొంతు తగ్గించి అరవంలో ఏదో చెబుతూ ఉండేది. అవ్వ “ఊ... ఊ...” అంటూ ఉండేది. తర్వాత అవ్వ పుంగనూరులో తన అత్త పెట్టిన ఆరళ్లు తెలుగులో చెబితే అమ్మమ్మ “ఓం... ఓం...” అనేది. మేం దగ్గరికి పోతే అమ్మమ్మ మాట ఆపేది. ఒకరి మాట ఒకరికి రాకుండా ఈ ఇద్దరూ రోజంతా ఏం మాట్లాడుకుంటారని మా అమ్మ నవ్వేది. పురుగులు మేస్తున్న చప్పుడు అమ్మమ్మకు చాలా ఇష్టం. ఆకు వేశాక షెడ్డు వాకిట్లో గోడకు ఆనుకుని కళ్లు మూసుకుని వినేది. వానకు మబ్బు పడుతుంది, మబ్బు పడితే ఆకాశం మూసుకుంటుంది. ఆ సంగతి నాకు చాలా ఏళ్ల తర్వాత అర్థమైంది.

అలా రెండేళ్లు గడిచాయి. ఎన్నికలొచ్చాయి. పెద్ద నాయకుడొకాయన హెలికాప్టర్లో వస్తున్నాడని ఊరంతా మైకు తిరిగింది. హెలికాప్టర్ దిగే మైదానం మా ఇంటికి దగ్గరే. అవ్వ పొద్దున్నుంచే పట్టుబట్టింది.

“బస్సెక్కినా, రైలెక్కినా. ఇంక ఆ గాల్లో తిరిగేదాన్ని ఒకసారి కండ్లారా సూస్తే సాలు.”

“ఈ ఎండలో నీకెందుకత్తా?” అన్నది అమ్మ.

“ఎండ నాకు కొత్తా? పురుగులకు నువ్వు మేతెయ్యి. నేను పిల్లోళ్లను పిల్సకపోతా.”

ఉన్న వాటిలో మంచి చీర, ముదురాకుపచ్చది, కట్టుకుంది. పెరట్లోకి పోయి అమ్మమ్మ చెయ్యి పట్టుకుని, “రామ్మా, మీటింగు. ఊరంతా పోతాండాది” అన్నది. అమ్మమ్మకు ఎంత అర్థమైందో తెలియదు. ఓం అన్నది. నలుగురం బయల్దేరాం. యాళినికీ నాకూ మీటింగంటే ఐసు బండ్లు, రంగు కాగితాలు. ఏం దిగుతుందో మా ఇద్దరికీ తెలుసు గానీ, అమ్మమ్మకు చెప్పాలని తట్టలేదు. యాళిని తనలో తాను ఏమనుకుందో అప్పుడు నేను చూడలేదు. ఇప్పుడు అడిగితే, “ఊరంతా పోతాంటే నేనూ అందర్లాగా పోవాలనుకున్యా. అంతే” అన్నది.

మైదానం నిండా జనం. చింతచెట్ల నీడ అయిపోయిన చోట అమ్మమ్మ ఆగిపోయింది. అంతమంది బయలులో కూడి ఉండటం చూసి యాళిని మణికట్టు పట్టుకుంది. “ఇంతమంది ఒకచోట ఉండకూడదు” అని తన భాషలో అన్నది. అంతలోనే చప్పుడు. మొదట దూరంగా, ఎవరో దుప్పట్లు దులుపుతున్నట్టు. జనమంతా ఒక్కసారిగా కేకలు వేసి మెడలు పైకెత్తారు. పిల్లలు మైదానం మధ్యకు పరుగు తీశారు. హెలికాప్టర్ చింతచెట్ల కొనల మీదుగా కిందికి వంగి వచ్చింది. దుమ్ము లేచింది.

“హెలి! హెలి! పడు! పడు!”

అంత గొంతు అమ్మమ్మకు ఉందని మాకెవరికీ తెలియదు. మాకు పడు అంటే కిందపడమని. వాళ్లకు పడు అంటే పడుకోమని. ఏ భాషలో తీసుకున్నా ఆ పూట ఒక్కటే అర్థం. మైదానం పక్కన నీళ్ల పైపు కోసం తవ్విన కాలువ ఉంది. ఒక చేత్తో నన్ను, ఒక చేత్తో యాళినిని అందులోకి లాగేసి మా మీద పడుకుంది. నా మొహం మట్టిలో ఉంది. నా వీపు మీద ఆమె గుండె కొట్టుకోవడం నాకు తెలుస్తోంది. తల తిప్పి చూస్తే యాళిని ఏడవడం లేదు, కదలడం లేదు. కళ్లు గట్టిగా మూసుకుని, చెవుల మీద చేతులు పెట్టుకుని, ఎలా పడుకోవాలో ఎప్పుడో నేర్చుకున్న పిల్లలా పడుకుని ఉంది. పైన జనం ఇంకా అటూ ఇటూ పరుగెడుతుంటే అమ్మమ్మ తలెత్తి వాళ్లందరినీ పడుకోమని అరుస్తూనే ఉంది.

చుట్టుపక్కల కొందరు నవ్వారు. మెడలో కండువా వేసుకున్న కుర్రాడొకడు వంగి చూసి, “ఏందవ్వా, అది ఓట్లకు వచ్చింది, బాంబులేసేదానికి కాదు. లెయ్” అన్నాడు. వాడి వెనక మా అవ్వ నిలబడి ఉంది. ఆమె పైకి చూడటం లేదు. చూడాలని పొద్దున్నుంచీ తపించిన హెలికాప్టర్ ఆమె తల మీదే తిరుగుతుంటే ఆమె కాలువలోకి చూస్తోంది. “నువ్వు నోరు మూసుకోరా” అన్నది వాడితో. తర్వాత ఆ మోకాళ్ల నొప్పుల మనిషి, డెబ్బై ఏళ్ల మనిషి, కాలువ గట్టు పట్టుకుని, కూర్చుని, జారి, తన మంచి చీరతో ఆ మట్టిలో అమ్మమ్మ పక్కన పడుకుంది. ఆమె వీపు మీద చెయ్యి వేసింది. “ఈడ్నే ఉండాను. నేను ఈడ్నే ఉండాను” అంటూ, రెక్కల చప్పుడు పూర్తిగా ఆగేదాకా లేవలేదు.

చప్పుడు ఆగింది. మైకులో జేజేలు మొదలయ్యాయి. జనం అటు తిరిగారు. మా నలుగురినీ అందరూ మరిచిపోయారు. అమ్మమ్మ లేచి కూర్చుని చుట్టూ చూసింది. ఎవరికీ ఏమీ కాలేదు. పడిపోయినవాళ్లు లేరు. అది ఆమెకు అర్థం కావడానికి కొంతసేపు పట్టింది. అప్పుడు యాళిని మొహం రెండు చేతుల్లోకి తీసుకుంది. ఆమె అన్న మాటలు నాకు గుర్తున్నంతవరకు తెలుగులో రాస్తున్నాను.

“మీ అమ్మ ఏ దారిలోనూ రావడం లేదు బిడ్డా. ఆ నడకలోనే పోయింది. వాన ఆగి ఆకాశం తెరిపి ఇచ్చిన రోజు. హెలి వచ్చింది, అందరం దారి పక్కన పడుకున్నాం. మన ముందు బండి మీద కళ్లు కనబడని ముసలామె ఉండిపోయింది. మీ అమ్మ ఆమెను దించడానికి లేచింది. నేను కొంగు పట్టుకున్నాను. ఇదిగో వస్తున్నానమ్మా అని కొంగు లాక్కుని పోయింది. నా ఇంకో చెయ్యి నీ మీద ఉంది. అది తీసి ఉంటే రెండు చేతులా పట్టుకునేదాన్ని. తీయలేదు. అంతా అయ్యాక నీ కళ్లు మూసి నిన్ను ఎత్తుకుని నడిచాను. నేను చూస్తే నువ్వూ చూస్తావని వెనక్కి తిరగలేదు. నా కూతురి మొహం కూడా చూడలేదు.”

అవ్వ తన కొంగుతో అమ్మమ్మ మొహం మీది మట్టి తుడిచింది, తర్వాత మా ఇద్దరిదీ. మైకులో ఉపన్యాసం సాగుతుండగా మేం చింతచెట్ల కింద నుంచి ఇంటికి నడిచాం.

ఆ తర్వాత కొన్నాళ్లు యాళిని అమ్మమ్మతో మాట్లాడలేదు. అన్నం మా ఇంట్లో తినేది. స్టేషను దారిన పోవడం మానేసింది. అమ్మమ్మ పెరటి గడపలో కూర్చుని చూసేదే గాని పిలిచేది కాదు. ఒక సాయంత్రం అవ్వ ఆకు తరుగుతుంటే యాళిని పోయి ఎదురుగా కూర్చుంది.

“అవ్వా, నీకు ముందే తెల్సా?”

అవ్వ కత్తి ఆపలేదు. “తెల్సు.”

“ఎట్ల తెల్సు? నీకు అరవం రాదు గదా.”

“మాటలు రావు. రోజూ ఒక్కటే పేరు సెప్పేది. మలర్, మలర్ అని. సెప్పినప్పుడల్లా ఇట్ల కొంగు కొన పట్టుకోని, ఇడ్సేసి, వట్టి సెయ్యి సూపించేది. ఎన్ని దినాలు సూస్తే తెలీదమ్మా?”

“మరి నాకు యాల సెప్పలేదు?”

అప్పుడు అవ్వ కత్తి పక్కన పెట్టింది. “నాకు అర్థం కాదనుకోనే నాకు సెప్పింది తల్లీ. అవుతాదని తెల్సుంటే సెప్పేదే కాదు. అంత బరువు మోసే మనిషి యాడన్నా ఒకసారి దించుకోవాల గదా. నా దగ్గర దించుకునింది. దాన్ని తీస్కపోయి నీ నెత్తిన పెట్టేదానికి నేనెవర్ని?”

యాళిని ఆకుల కుప్పలోంచి ఈనెలు ఏరసాగింది. అవ్వే మళ్లీ అన్నది. “పెద్దల అమావాస్య వస్తాండాది. పోయిన తిథి తెలీనోళ్లకు ఆ దినమే పెట్టుకోవాల. మీ అమ్మకు పెడదాం. పోయి అమ్మమ్మను అడుగు.”

నేను షెడ్డు వాకిట్లో నిలబడి చూశాను. యాళిని పెరట్లోకి పోయి గడపలో అమ్మమ్మ పక్కన కూర్చుంది. మాట్లాడటానికి ఆమెకు ఇంకేం దొరకలేదేమో, “అమ్మకు ఏం కూర ఇష్టం? నాకు గుర్తు లేదు” అని అడిగింది. అమ్మమ్మ ఆ పిల్లను ఒళ్లోకి లాక్కుని ఏడ్చింది. ఏడుస్తూనే చెప్పింది. కొబ్బరిపాలతో చేసే పల్చటి పులుసు, దాన్ని సొది అంటారట. నిమ్మకాయ ఎక్కువ పిండాలి. చిన్నప్పుడు అన్నంలో కాకుండా గ్లాసులో పోసుకుని తాగేదట మలర్, అందుకు తన్నులు కూడా తిన్నదట.

అమావాస్య నాటికి పురుగులు తట్టల నిండా ఉన్నాయి. అప్పుడే జ్వరం విడిచి లేచాయి. అలాంటప్పుడు ఇంట్లో తిరగమాత వాసన రావడమా అని నాయన నసిగాడు. “ఒక దినానికి ఏం కాదు పోరా. వాటికి నేను సెప్పుకుంటాలే” అన్నది అవ్వ. మలర్ ఫోటో లేదు. ఊరి నుంచి తెచ్చిన సంచీలో ఏ ఫోటో తడవకుండా మిగల్లేదు. అమ్మ తన పెట్టెలోంచి మడత విప్పని నీలం చీర తీసి గోడకు ఆనించిన పీట మీద పెట్టింది. దాని ముందు దీపం, ఆకులో అన్నం, గ్లాసులో సొది. శివం మామ కాకికి పెట్టడానికి పోయాడు. ఆ రోజంతా అమ్మమ్మ కూతురి పేరు బయటికే చెప్పింది, అందరం వినేట్టు. మలర్ నడక నేర్చిన రోజు, మలర్ సైకిలు మీద నుంచి పడిన రోజు. అవ్వ వింటూ ఎప్పటిలా “ఊ, ఊ” అంటూనే ఉంది.

దాంతో అమ్మమ్మ భయం పోయిందని రాస్తే అబద్ధమవుతుంది. పోలేదు. పైనుంచి కనబడతాయని తెల్ల బట్టలు తీస్తూనే ఉంది, గోడ వారనే నడుస్తూనే ఉంది. కానీ మా అమ్మ తెల్లవి ఆరుబయట వేయడం మానేసి షెడ్డు వసారాలో తీగ కట్టింది. అంతకంటే ఏం చేయాలో మాకు తెలియలేదు. కొన్నేళ్లకు శివం మామకు హోసూరులో పని దొరికి వాళ్లు వెళ్లిపోయారు. చివర్లో సొంతూరు పుంగనూరికి మళ్లిన అవ్వ అక్కడే పోయినప్పుడు అమ్మమ్మా యాళినీ రెండు బస్సులు మారి వచ్చి, పదకొండో రోజు దాకా ఉండి, మావాళ్లతో కలిసి వంట చేశారు. యాళిని ఇప్పుడు హోసూరులో లెక్కల టీచరు. ఆమెకొక కూతురు.

ఇప్పుడు రోజూ నా ఫోన్లో దారులు కనబడతాయి. ఏవో దేశాల దారులు. మూటలు, పిల్లలు, చక్రాల కుర్చీల్లో ముసలివాళ్లు, వాళ్ల మీద ఆకాశంలో ఏవో తిరుగుతుంటాయి. వేలు కదిపితే ఆ దారి పోయి వంటల వీడియో వస్తుంది. ఆ రోజుల్లో మా ఇంటికి యుద్ధం ఒక్కసారే వచ్చింది, చేతిసంచీతో, ఒక ముసలామె, ఒక చిన్నపిల్ల రూపంలో. దాన్ని అర్థం చేసుకోవడానికి మాకు రెండేళ్లు పట్టింది. రెండేళ్లూ మేం దాంతో కలిసి అన్నం తిన్నాం. ఇప్పుడు ఎన్నో యుద్ధాలు కళ్లెదుటే జరుగుతున్నాయి, ఒక్కదానితో కూడా కూర్చునే తీరిక లేదు. మా అవ్వకు దేశాల పేర్లు తెలియవు. వేలూరు దాటితే ఆమెకు లోకమంతా ఒకటే. కానీ కాలువలోకి దిగాలని ఆమెకు ఎవరూ చెప్పాల్సిన పని లేకపోయింది.

సాయంత్రం బస్సుకు లేవబోతూ యాళిని ఒక సంగతి చెప్పింది. పోయిన ఏడు బడి సెలవుల్లో తాను కూతురిని తీసుకుని యాళ్పాణం పోయి వచ్చిందట. అమ్మమ్మ రానన్నది గాని, మలర్ పోయిన చోటు ఏ ఊరు దాటాక, ఏ గుడి రాకముందు అన్నది గుర్తులు చెప్పి పంపిందట. ఇప్పుడు ఆ దారి వెడల్పాటి తారురోడ్డు. బస్సు ఆపించి దిగితే అక్కడ ఏమీ లేదట. తాటిచెట్లు, ఎండ, కంచె వెనక ఒక పెంకుటిల్లు. ఏం చేయాలో తెలియక తల్లీకూతుళ్లు రోడ్డు పక్కన నిలబడిపోయారట. ఆ ఇంట్లోంచి ఒకామె బయటికి వచ్చి, బస్సు కోసమా అని అడిగిందట. కాదని, ఎవరి కోసమూ కాదని చెప్పబోయి, తెలియని మనిషితో మొదటిసారి, “మా అమ్మ ఈడ సచ్చిపోయింది” అన్నదట యాళిని.

“ఆయమ్మ ఏం ఆశ్చర్యపడలేదు రెడ్డెమ్మా. గేటు తీసి లోపలికి రమ్మనింది. కాళ్లకు నీళ్లిచ్చింది, తినేదానికి ఆకులేసింది. నేను వద్దంటాంటే ఏమనిందో తెల్సా? అప్పుడప్పుడూ ఎవరో ఒకరు ఈడ ఇట్ల బస్సు దిగి నిలబడుకుంటారు, అందుకే నేను దినామూ ఒక పిడికెడు బియ్యం ఎక్కువే వేస్తాను అనింది.”

ఆ ఇంట్లో ఇద్దరూ కడుపునిండా తిన్నారట. యాళిని కూతురు మారు కూడా అడిగి పెట్టించుకుందట.